పుల్ల పుల్లా లెక్కకు వచ్చే ఫొటో

సైకిల్ ఒళ్లంతా ఖాళీలే. ఫ్రేము మధ్యలోంచి, చక్రాల పుల్లల సందుల్లోంచి వెనకున్నదంతా కనబడుతుంది. గోడమీది సినిమా పోస్టరు, పక్కనున్న కరెంటు స్తంభం బండిలో కలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా చేస్తాయి. అందుకే సైకిల్‌ను ఫొటో తీయాలంటే ముందు మంచి గోడను వెతకాలి.

పాత కాంపాక్ట్ డిజిటల్ కెమెరా చేతిలో ఉంటే ఈ జాగ్రత్త మరీ అవసరం. 2005లో వచ్చిన కానన్ పవర్‌షాట్ ఎ620నే తీసుకోండి. 71 లక్షల పిక్సెళ్లు, నాలుగు పెన్సిల్ సెల్స్, చిటికెన వేలి గోరంత సెన్సరు. సెన్సరు ఇంత చిన్నదైతే వెనకున్నవి మసకబారవు, బండితో సమానంగా స్పష్టంగా పడతాయి. బొమ్మలూ రాతలూ లేని పాత సిమెంటు గోడ దొరికితే సగం పని అయినట్టే. తెల్లగోడ ముందు నల్ల ఫ్రేము ముద్దగా పడుతుంది, నల్లగోడ ముందు కనబడకుండా పోతుంది.

నిలబెట్టడానికి క్యాటలాగుల్లో స్థిరపడిన పద్ధతి ఉంది. చైన్ ఉన్న కుడిపక్క కెమెరా వైపు రావాలి. మన పెద్ద సైకిళ్ల చైన్ కవరు మీద కంపెనీ పేరు కనబడేదీ అటే. హ్యాండిల్ తిన్నగా ఉంచి, కుడి పెడల్‌ను ముందుకు, నేలకు సమాంతరంగా తిప్పాలి. దగ్గర నుంచి తీస్తే బండి ఆకారం వంకరపోతుంది. అందుకని ఓ 25 అడుగులు వెనక్కి వెళ్లి జూమ్ చేయాలి. కెమెరాను ఫ్రేము మధ్య ఎత్తుకు దించాలి. ఎ620 తెర బయటికి తిరుగుతుంది కాబట్టి నేలమీద పడుకోనక్కర్లేదు, పైనుంచి చూస్తూ తీయొచ్చు.

అసలు పరీక్ష పుల్లలది. మన పాతకాలపు పెద్ద సైకిల్‌కు సాధారణంగా ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 ఉంటాయి. సైకిల్ మొత్తం ఫొటోలో పట్టినప్పుడు, 2 మిల్లీమీటర్ల పుల్లకు దక్కేది మూడు పిక్సెళ్లలోపే. చెయ్యి కాస్త వణికినా, కాంతి సున్నితత్వాన్ని (ఐఎస్‌ఓ) 400కు పెంచి మచ్చలు తెచ్చుకున్నా పుల్లలు చెరిగిపోతాయి. ఐఎస్‌ఓ 50 లేదా 100లో ఉంచి, కెమెరాను స్టూలు మీద పెట్టి, రెండు సెకన్ల టైమరుతో తీయండి. మిట్టమధ్యాహ్నం వద్దు. రిమ్ముల మీద ఎండ తగిలిన చోట చిన్న సెన్సరు తెల్లమచ్చ తప్ప ఇంకేమీ చూపించలేదు. పొద్దున్నే గోడనీడలో తీస్తే మెరుపు, తుప్పు రెండూ వేర్వేరుగా తెలుస్తాయి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఈ పాతకాలపు బండ్లు తగ్గిపోతున్నాయి. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ సైకిల్ కంపెనీ, 2020 జూన్‌లో సాహిబాబాద్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆపేసింది. పాలక్యాన్లు మోసి వంగిన క్యారియరు, ఎవరో అతుకు వేయించిన ఫ్రేము, అరిగి నునుపెక్కిన పెడల్ ఏ క్యాటలాగులోనూ ఉండవు. మొత్తం బండి ఫొటో అయ్యాక మ్యాక్రో మోడ్‌లో వీటిని విడిగా తీయాలి. ఫ్రేముమీద కొట్టిన నంబరునూ తీసి, సొంతదారు చెప్పిన సంగతులు దానితోపాటు రాసిపెట్టాలి.

71 లక్షల పిక్సెళ్లు 10 అంగుళాల ప్రింటుకు హాయిగా సరిపోతాయి. మెకానిక్ ఆ ప్రింటు చూసి ఏ భాగం అసలుదో, ఏది తర్వాత మార్చారో చెప్పగలిగితే, ఫొటో పని చేసినట్టు.