రాయి ఊరికే ఉండని ఊరు

దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ నది ఒడ్డున ఉన్న ఆర్ల్ పాతపట్నాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు నడవడానికి ఇరవై నిమిషాలు చాలు. చిక్కంతా అక్కడే. చాలామంది పొద్దున అవిన్యోన్‌లో రైలెక్కి వచ్చి, రోమన్ల అరీనా చూసి, వాన్ గో బొమ్మ వేసిన కాఫీ హోటల్ ముందు ఫొటో దిగి, సాయంత్రం బండి అందుకుంటారు. వాళ్లేదో మోసపోయారని కాదు, చూడాల్సినవి చూసే వెళ్తారు. కాకపోతే ఆర్ల్‌లో పాత కట్టడాలు ఒకదాని మీద ఒకటి, ఒకదాని కడుపులో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. ఆ అతుకులు కంట పడాలంటే నిన్న నడిచిన వీధిలోకి ఇవాళ రెండో వైపు నుంచి రావాలి. నాలుగు రోజులు గది తీసుకుని, పనేమీ పెట్టుకోకుండా తిరిగేవాళ్ల ఊరిది.

అరీనానే తీసుకోండి. క్రీ.శ. 90 ప్రాంతంలో కట్టారు. పొడవు 136 మీటర్లు, రెండు వరసల కమానులు, సుమారు 20,000 మంది కూర్చునే మెట్లు. రోమ్ పతనమయ్యాక దాడుల కాలం వచ్చింది. ఊరి జనానికి అంత గట్టి గోడ మరొకటి కనిపించలేదు. సామాన్లు సర్దుకుని లోపలికి వెళ్లి కాపురాలు పెట్టేశారు. కమానులు పూడ్చి గదులు చేసుకున్నారు, కావలికి నాలుగు బురుజులు లేపారు. పోనుపోను లోపల రెండు వందలకు పైగా ఇళ్లు, రెండు ప్రార్థనా మందిరాలతో ఊళ్లోనే మరో ఊరు తయారైంది. 1825లో ఆ ఇళ్లను తొలగించడం మొదలుపెట్టారు. 1830లో ఖాళీ అయిన బరిలో మళ్లీ ఎద్దుల ఆట జరిగింది. అంటే ఇవాళ టికెట్ కొని లోపలికెళ్లేవాడు చూసే రాయి రోమన్లది, ఆ ఖాళీ మాత్రం పందొమ్మిదో శతాబ్దం వాళ్లది. పురావస్తు శాఖల లెక్కలో అది గొప్ప పనే కావచ్చు. వందల ఏళ్లు అక్కడ పొయ్యి వెలిగించుకున్న కుటుంబాల గుర్తుగా నాలుగు గోడలైనా ఉంచాల్సింది. బురుజుల్లో మూడు మిగిలాయి. ఒకదాని మీదికెక్కితే ఎర్రటి పెంకుల కప్పుల మీదుగా నది కనిపిస్తుంది.

ఆ బరి ఇప్పటికీ ఖాళీగా లేదు. అక్కడి సొంత ఆటలో తెల్లబట్టల కుర్రాళ్లు పరుగెత్తుకెళ్లి, ఎద్దు కొమ్ములకు కట్టిన దారాలూ రిబ్బన్లూ ఊడబెరుకుతారు. ఎద్దుకు ప్రాణభయం లేదు, పేరు పొందిన ఎద్దుకు వీరాభిమానులు కూడా ఉంటారు. ఈస్టర్‌కీ సెప్టెంబర్‌కీ జరిగే స్పెయిన్ తరహా పోటీల్లో మాత్రం ఎద్దు బతకదు. ఏ రోజు ఏ ఆటో కనుక్కుని టికెట్ కొనడం మంచిది.

ఈ కాలమిస్టుకు కొత్త ఊళ్లో ఒక అలవాటుంది. ఒకే చౌరస్తాకు పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి వెళ్లడం. మొదటిసారి షాపుల బోర్డులు కనిపిస్తాయి. రెండోసారి పై అంతస్తులు కనిపిస్తాయి. మూడోసారికి గానీ గోడల మొదళ్లు కనిపించవు. ప్లాస్ ద్యు ఫోరమ్‌లో ఈ అలవాటు ఫలిస్తుంది. అక్కడొక హోటల్ గోడలో రెండు రోమన్ స్తంభాలు, వాటి మీద విరిగిన దూలపు ముక్క అలాగే ఇమిడి ఉన్నాయి. వాటిని పీకి మ్యూజియంలో పెట్టాలని ఎవరికీ తోచకపోవడం మన అదృష్టం.

కొత్తగా వెళ్లేవారు ఎక్కడ ఎక్కువసేపు నిలబడాలని అడిగితే జవాబు అరీనా కాదు, మున్సిపల్ ఆఫీసు. ప్లాస్ ద లా రిపబ్లిక్‌లో ఉంది. ఎదురుగా ఉన్న రాతి స్తంభం ఒకప్పుడు రోమన్ల రథాల పందెపు మైదానంలోది. దాన్ని 1676లో తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఆఫీసు భవనం పూర్తయిందీ అదే ఏడాది. కింది హాల్లోకి వెళ్లి తలెత్తితే రాతి కప్పు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, నడిమధ్యన ఒక్క స్తంభమైనా ఉండదు. ప్రతి రాయినీ పక్కరాయి మీద ఒరిగేలా లెక్క ప్రకారం చెక్కారు. ఆ ఒరుగుడే మొత్తం బరువును గోడల దాకా మోసుకెళ్తుంది. దీనికి రూపకల్పన చేసిన జూల్ అర్దువాఁ మాన్సార్ తర్వాత వెర్సాయ్‌లో అద్దాల హాలు కట్టినవాడు. దేశమంతా తిరుగుతూ పని నేర్చుకునే రాతి పనివాళ్లు ఈ కప్పును చూడటానికే ఆర్ల్ వచ్చేవాళ్లు. జనన మరణ పత్రాల కోసం వచ్చేవాళ్లు దాని కింద నుంచే నడిచి వెళ్తుంటారు, తలెత్తేవాళ్లు తక్కువ.

అదే భవనంలోంచి మెట్లు దిగితే రోమన్ల నేలమాళిగలు. ఊరు వాలు మీద ఉంది, ఫోరమ్‌కు, అంటే రోమన్ల ఊరి కూడలికి, చదును నేల కావాలి. అందుకని కింద చీకటి సొరంగాల్లాంటి కమానులు కట్టి పైన నేలను సరిచేశారు. జూలై ఎండలోనూ లోపల చెమ్మగా, చల్లగా ఉంటుంది. మీద కాఫీ తాగేవాళ్ల కుర్చీలు ఈ కమానుల పుణ్యానే ఒరగకుండా నిలబడ్డాయి.

వాన్ గో సంగతి ఎత్తకుండా ఆర్ల్ గురించి రాయడం కుదరదు. 1888 ఫిబ్రవరిలో ఎండ వెతుక్కుంటూ వచ్చి మంచులో దిగాడు. నెలకు 15 ఫ్రాంకుల అద్దెకు పసుపు ఇంట్లో గదులు తీసుకున్నాడు. అక్టోబర్‌లో తోటి చిత్రకారుడు గోగాఁ వచ్చి చేరాడు, తొమ్మిది వారాలకు కథ చెవి కోసుకోవడం దాకా వెళ్లింది. మరుసటి ఏడు ఇరుగుపొరుగు ముప్పై మంది సంతకాలు చేసి, ఇతన్ని ఇక్కడ ఉంచొద్దని అర్జీ పెట్టారు. ఇప్పుడు అతను చికిత్స పొందిన పాత ఆసుపత్రి భవనానికి అతని పేరే! పసుపు ఇల్లు 1944 బాంబు దాడిలో పోయింది. వెనకనున్న పెద్ద ఇల్లు మాత్రం నిలిచే ఉంది. కాఫీ హోటల్ విషయం ఇంకా విచిత్రం. చిత్రంలోని పసుపు గ్యాస్ దీపపు వెలుగుది. చాలాకాలం తర్వాత ఆ చిత్రాన్ని చూసి గోడకు పసుపు రంగు వేశారు. గుర్తుపలకలు వెంబడించి తిరిగేవాళ్లకు దొరికేది ఎక్కువగా ఇలాంటి రంగే.

తీరిగ్గా తిరగాలంటే ఊరి గాలికి కూడా లొంగాలి. ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట దూసుకొచ్చే చలిగాలిని మిస్ట్రాల్ అంటారు. వాన్ గో ఈజిల్‌ను నేలలో మేకులు దిగ్గొట్టి నిలబెట్టుకునేవాడు. అది వీచే రోజు నది గట్టు వదిలేసి, ఒకప్పుడు పడవవాళ్లు, జాలర్లు కాపురమున్న లా రొకెట్ సందుల్లోకి దూరాలి. శనివారమైతే బూల్వార్ దే లీస్ పొడవునా సంత. ఆలివ్‌లు, మేక చీజ్, ఆర్ల్ ఎండు సాసేజ్, పక్కనే సంచుల్లో బియ్యం.

బియ్యం చూసి తెలుగువాడి కాలు ఆగుతుంది. ఆర్ల్‌కు కాస్త ఎగువన రోన్ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్న కమార్గ్, గోదావరి పాయల మధ్య మన కోనసీమ లాంటిదే. కొబ్బరిచెట్లు లేవు, వాటి బదులు ఉప్పు మడులు, తెల్ల గుర్రాలు, ఫ్లెమింగోలు. ఉప్పునేలను మంచినీటితో ముంచి కడగడానికి వరిని మించిన పంట లేదు. ఎర్ర వైన్‌లో నానబెట్టి ఉడికించిన ఎద్దు మాంసాన్ని అక్కడ ఈ బియ్యపు అన్నంతోనే వడ్డిస్తారు. సెప్టెంబర్‌లో జరిగే ఉత్సవానికి వరి పేరే పెట్టుకున్నారు.

ఆ పంట వెనక ఉన్న మనుషుల పేర్లు మాత్రం ఊళ్లో అంతగా వినపడవు. 1939లో ఫ్రాన్స్ తన యుద్ధ కర్మాగారాల కోసం వియత్నాం నుంచి దాదాపు 20,000 మందిని తెచ్చింది. ఎక్కువమందిని బలవంతంగానే. మరుసటి ఏడాది ఫ్రాన్స్ ఓడిపోవడంతో వాళ్లు ఇక్కడే ఇరుక్కుపోయారు. కొన్ని వందల మందిని కమార్గ్‌కు పంపితే, నాట్లు తెలిసిన ఆ చేతులే అక్కడ వరిని మళ్లీ నిలబెట్టాయి. 2014లో సాలాఁ ద జిరో అనే పల్లెలో వాళ్లకొక స్మారకం వెలిసింది. ఆ పల్లె కూడా ఆర్ల్ మున్సిపాలిటీలోదే. దాదాపు 760 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమున్న ఈ మున్సిపాలిటీ ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో అన్నిటికంటే పెద్దది. స్మారకం పాతపట్నానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి మటుకు నడక పనికిరాదు, బస్సెక్కాల్సిందే.