ఇరుగుపొరుగు మదుపు: పరిశోధనలు కొలిచినదీ, వదిలేసినదీ

మనిషి తన డబ్బును ఎక్కడ పెట్టాలో ఒంటరిగా కూర్చుని తేల్చుకుంటాడని అర్థశాస్త్రం చాలాకాలం భావించింది. రాబడి ఎంత, నష్టభయం ఎంత అని తూచి, తనకు నప్పినదాన్ని ఎంచుకునే మదుపరి ఆ శాస్త్రానికి ఆదర్శ పురుషుడు. నిజజీవితంలో అటువంటి మనిషి అరుదు. పక్కింటివారు ఏం కొన్నారు, బావమరిది ఎందులో పెట్టాడు, గుడి దగ్గర కలిసిన స్నేహితుడు ఏమన్నాడు అన్నవే చాలామందికి మొదటి సమాచారం. గత పాతికేళ్ళలో అమెరికాలోని అర్థశాస్త్ర విభాగాలు, మేనేజ్‌మెంట్ కళాశాలలు ఈ సంగతిని గుర్తించి విస్తారంగా పరిశోధించాయి. ఆ కృషి విలువైనదే. అయితే అందులో ఒక తికమక మిగిలిపోయింది. సాంఘిక సంబంధాలు డబ్బు వ్యవహారాల్లో రెండు వేర్వేరు పనులు చేస్తాయి: ఒకటి మాట నిలబెట్టించడం, రెండోది నిజానిజాలు తేల్చడం. మొదటిదానిలో అవి సమర్థమైనవి, రెండోదానిలో బలహీనమైనవి. ‘సామాజిక పెట్టుబడి’ అన్న ఒకే మాట కింద ఈ రెండూ కలిసిపోయాయి.

ముందుగా పరిశోధకులు కనుగొన్నదేమిటో చూడాలి. హారిసన్ హాంగ్, జెఫ్రీ క్యూబిక్, జెరెమీ స్టైన్ కలిసి 2004లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ప్రసిద్ధమైనది. యాభై దాటిన అమెరికన్ల స్థితిగతులపై సాగుతున్న హెల్త్ అండ్ రిటైర్‌మెంట్ స్టడీ సమాచారాన్ని వారు వాడుకున్నారు. ఇరుగుపొరుగుతో రాకపోకలున్నవారు, చర్చికి వెళ్ళేవారు స్టాక్ మార్కెట్‌లో మదుపు చేయడం మిగతావారికంటే గణనీయంగా ఎక్కువని తేల్చారు. ఆస్తి, చదువు, జాతి, నష్టాన్ని ఓర్చుకునే గుణం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ ఫలితం నిలిచింది.

అంతకు ఏడాది ముందు ఎస్తేర్ డుఫ్లో, ఎమాన్యుయెల్ సాయెజ్ ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. కొన్ని విభాగాల్లో కొందరు ఉద్యోగులను చీట్లు తీసినట్టు ఎంచి, పదవీవిరమణ పొదుపు పథకాలను వివరించే సభకు వస్తే 20 డాలర్లు ఇస్తామని ఉత్తరాలు పంపారు. ఉత్తరం అందినవారి హాజరు ఐదు రెట్లకు మించి పెరిగింది. ఉత్తరం అందకపోయినా అదే విభాగంలో పనిచేసేవారి హాజరు మూడు రెట్లయింది. కొన్ని నెలల తర్వాత చూస్తే, పొదుపు పథకంలో చేరికలు ఉత్తరం అందినవారిలో ఎంత పెరిగాయో, వారి సహోద్యోగుల్లోనూ దాదాపు అంతే పెరిగాయి. పక్కవారి ప్రభావం ఎంత బలమైనదో ఇంతకంటే శుభ్రంగా చూపడం కష్టం.

ఈ రెండు పరిశోధనలూ కొలిచినది చేరికను. చేరినవారు బాగుపడ్డారా అన్నది వేరే ప్రశ్న. ఈ భేదం వైద్యరంగానికి ఖరీదైన పాఠంగా అందింది. గుండెపోటు తర్వాత కనిపించే అదనపు స్పందనలను అణిచే కొన్ని మందులను 1980ల చివర్లో అమెరికాలో పరీక్షించారు. ఆ మందులు గుండె లయను చక్కదిద్దాయి. కాని మందు వాడినవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. సులువుగా కొలవగలిగిన అంకె, నిజంగా కావలసిన ఫలితం ఒకటి కావని వైద్యులు అప్పటినుంచి జాగ్రత్తపడుతున్నారు. మదుపు పరిశోధనలో చేరిక అటువంటి అంకె. పథకం మంచిదైతే చేరిక మేలు చేస్తుంది. చెడ్డదైతే, అదే పక్కవారి ప్రభావం అదే వేగంతో కీడును పంచుతుంది.

ఫలితాన్నే కొలిచిన పరిశోధనలు కూడా లేకపోలేదు. స్నేహితులు, సహోద్యోగులు నెలనెలా చందాలు వేసుకుని, కలిసి చర్చించి వాటాలు కొనే మదుపు సంఘాలు 1990లలో అమెరికాలో విరివిగా ఉండేవి. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ 1991 నుంచి 1997 వరకు అటువంటి 166 సంఘాల ఖాతాలను పరిశీలించి, 60 శాతం సంఘాలు మార్కెట్ సూచీకంటే వెనకబడ్డాయని 2000లో ప్రకటించారు. సగటున చూస్తే, ఒంటరిగా మదుపు చేసినవారికంటే కూడా ఈ సంఘాలు వెనకే ఉన్నాయి.

ఎందుకిలా జరుగుతుంది? ఇల్లినాయ్ రాష్ట్రంలోని బియర్డ్స్‌టౌన్ మహిళల కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ చిన్న ఊరి మహిళలు కొందరు 1983లో మదుపు సంఘం పెట్టుకున్నారు. పదేళ్ళపాటు ఏటా సగటున 23.4 శాతం రాబడి సాధించామని చెప్పడంతో దేశమంతా వారి పేరు మోగింది. వారి పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 1998లో ఒక షికాగో మాసపత్రిక ఆ అంకెను ప్రశ్నించింది: సభ్యుల చందాలు కూడా అందులో కలిసి ఉన్నాయని గుర్తించింది. తర్వాత ఆడిట్ సంస్థ తేల్చిన అసలు రాబడి 9.1 శాతం. అదే కాలంలో మార్కెట్ సూచీ 15 శాతానికి దగ్గరగా పెరిగింది. ఇక్కడ దొంగ ఎవరూ లేరు. ఆత్మీయులైన కొందరు ఏళ్ళ తరబడి నెలనెలా కలుసుకున్నారు. ఆ అంకెను మాత్రం ఎవరూ తిరిగి లెక్క వేయలేదు. తప్పు పట్టడానికి బయటివారు కావలసివచ్చింది.

సామాజికశాస్త్రవేత్త బ్రూక్ హారింగ్టన్ కాలిఫోర్నియా మదుపు సంఘాల సమావేశాల్లో కూర్చుని గమనించి, 2008లో ‘పాప్ ఫైనాన్స్’ అనే గ్రంథం వెలువరించారు. స్నేహబంధాలే పునాదిగా ఉన్న సంఘాలు, డబ్బు పనికోసమే కలిసిన సంఘాలకంటే వెనకబడ్డాయని ఆమె చూపారు. చనువు ఎక్కువైన చోట భిన్నాభిప్రాయం వినిపించదు. స్నేహితురాలు తెచ్చిన ప్రతిపాదనను కాదంటే స్నేహాన్నే కాదన్నట్టవుతుందన్న మొహమాటం అడ్డొస్తుంది. సర్వేల లెక్కల్లో ఈ మొహమాటానికి గడి లేదు. పక్కవారి మాటను వారు ‘సమాచారం’ అన్నారు. దానిలో సమాచారంతో పాటు బాంధవ్యపు బరువు కూడా ఉంటుంది.

అయితే దగ్గరితనం డబ్బుకు ఎప్పుడూ చెరుపేనా? తెలుగువారికి చిరపరిచితమైన చీటీ దీనికి సమాధానం చెబుతుంది. ఇరవైమంది నెలకు తలా పదివేలు వేస్తే రెండు లక్షలు పోగవుతాయి. ఎక్కువ తగ్గింపుకు పాడినవారు ఆ నెల చీటీ ఎత్తుకుంటారు. తగ్గించిన సొమ్ము అందరికీ పంపకమవుతుంది. టిమొతీ బెస్లీ, స్టీఫెన్ కోట్, గ్లెన్ లౌరీ 1993లో ఇటువంటి వంతుల పొదుపు పద్ధతిని సిద్ధాంతీకరించారు. మొదట్లోనే చీటీ ఎత్తినవారు మిగతా నెలలు ఎగవేయకుండా ఆపేది ప్రధానంగా పరువు, పరిచయం. ఇక్కడ దగ్గరితనం పనిచేస్తుంది, ఎందుకంటే భవిష్యత్తును ఊహించే పని ఎవరికీ లేదు. ఎవరు ఎంత ఇవ్వాలో, ఇచ్చారో లేదో ప్రతి నెలా అందరికీ తెలుస్తుంది. బంధుత్వం ఇచ్చిన మాటకు కాపలా కాస్తుంది, అంతే.

చీటీలు మునిగిన కథలు తెలుగునాట తక్కువేమీ కావు. అవి చాలావరకు, సొమ్ము సభ్యుల కళ్ళెదుట కాక నిర్వాహకుడి చేతిలో నిలిచినప్పుడు జరిగినవి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం నిర్వాహకుడు ముందే హామీ చూపాలని, ప్రతి పాట వివరాలూ రిజిస్ట్రారుకు దాఖలు చేయాలని నిర్దేశించింది ఇందుకే. పరువు ఒక్కటే కాపలాగా చాలదని చట్టం గ్రహించింది.

తెలుగువారు విదేశాలకు ఈ అలవాటును తీసుకువెళ్ళారు. చీటీని నడిపించిన నమ్మకమే ఇప్పుడు ఊరి శివారు వెంచర్లలో ప్లాట్లకు, ఉమ్మడిగా కొనే అపార్ట్‌మెంట్ సముదాయాలకు, మిత్రుల కొత్త కంపెనీలకు పూచీగా నిలుస్తోంది. ఇవి వేరే జాతి వ్యవహారాలు. భూమి హక్కు స్పష్టంగా ఉందా, అద్దెలు అప్పు వడ్డీకి సరిపోతాయా, పరిచయం చేసినవారికి ఎంత ముడుతుంది అన్న ప్రశ్నలకు పరిచయం జవాబు కాదు. పరిచయస్థుడు పూర్తి నిజాయితీపరుడై, పూర్తిగా పొరబడి ఉండవచ్చు.

నమ్మకం తప్పు చోట నిలిచినప్పటి నష్టం పోయిన డబ్బుతో ఆగదు. 2008లో బెర్నార్డ్ మేడాఫ్ మోసం బయటపడిన తర్వాత, బాధితులున్న ప్రాంతాల ప్రజలు తమ ఆర్థిక సలహాదారులనుంచి సొమ్ము వెనక్కి తీసుకుని బ్యాంకు డిపాజిట్లు పెంచుకున్నారని గురున్, స్టాఫ్‌మన్, యాంకర్ 2018 నాటి వ్యాసంలో చూపారు. ఆ అపనమ్మకం కూడా సాంఘిక సంబంధాల గుండానే పాకిందని వారి నిర్ధారణ. నిజాయితీగా పనిచేసిన సలహాదారులూ ఆ దెబ్బ తిన్నారు.

ఈ పరిశోధనలు ముందుకు సాగాలంటే ఎంతమంది చేరారన్న లెక్కతో పాటు, కాదనదలచుకున్నవారు కాదనగలిగారా అన్నదీ కొలవాలి. సమాజాలు అంతవరకు ఆగనక్కరలేదు. పరిచయం చేసేవారు తమ కమీషను ముందే చెప్పడం, లెక్కలను గుంపుతో సంబంధం లేని ఆడిటర్‌తో చూపించుకోవడం, చేరాలో వద్దో ఎవరికివారు ఇంటికి వెళ్ళాక విడిగా తెలియజేసే వీలుండడం కష్టమైన పనులు కావు. చీటీ పాటలో పుస్తకం చూపమని అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ప్లాటు దగ్గరా, వాటా దగ్గరా కూడా ఆ అడగడం అంత మామూలు కావాలి.