పురి ఎక్కిన జన్యువు

జెల్ నడపడమంటే నాకు మహా ఇష్టం. బాక్టీరియా నుంచి తీసిన ప్లాస్మిడ్ డీఎన్ఏ పురి ఎక్కి ముడుచుకుని ఉంటుంది. అగరోజ్ జెల్‌లో వేసి కరెంటు పెడితే చకచకా దిగిపోతుంది. అదే డీఎన్ఏకి టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్ కాస్త కలిపి, 37 డిగ్రీల దగ్గర ఉంచి నడిపితే పురి వదిలి వెనకబడుతుంది. ఎంజైమ్‌ను పని మధ్యలో ఆపేస్తే ఇంకా ముచ్చట: ఒక్కో చుట్టు తేడాతో ఒక్కో గీత, బారుగా కనిపిస్తాయి. డీఎన్ఏ కనబడేందుకు వాడే ఇథిడియం బ్రోమైడ్ రంగు మాత్రం జెల్ నడిచాకే వెయ్యాలి. ముందే వేస్తే అది బేస్‌ల మధ్య దూరి పురినే మార్చేస్తుంది.

టోపోఐసోమరేజ్‌ను డీఎన్ఏ నకలు తయారయ్యే పాఠంలో రెండు ముక్కలు చెప్పి వదిలేస్తుంటారు. అది అన్యాయం. జన్యువును చదివి ఆర్ఎన్ఏ రాసుకునేటప్పుడూ కణానికి దీనితో పని పడుతుంది.

రెండు పేటల తాడు మధ్య వేలు దూర్చి ముందుకు తోసి చూడండి. ముందు పురి బిగుస్తుంది, వెనక వదులవుతుంది. ఆర్ఎన్ఏ రాసే ఎంజైమ్, ఆర్ఎన్ఏ పాలిమరేజ్, డీఎన్ఏ మీద నడిచినా ఇదే జరుగుతుందని 1987లో లెరాయ్ లియు, జేమ్స్ వాంగ్ చెప్పారు. టోపోఐసోమరేజ్‌ను 1971లో తొలిసారి ఈ.కోలై బాక్టీరియాలో పట్టుకున్నది ఆ వాంగే. డీఎన్ఏలో సుమారు 10.5 అక్షరాలకు ఒక చుట్టు. లక్ష అక్షరాల జన్యువంటే దాదాపు 9,500 చుట్ల భారం.

ఈ బిగువు తీసే టోపోఐసోమరేజ్‌లలో ఒకటి టోపో-1. అది డీఎన్ఏలో ఒక పోగును తెంపుతుంది. తెగిన కొసను తన టైరోసిన్‌తో పట్టుకునే ఉంటుంది. పురి కాస్త తిరిగి వదులయ్యాక అతికిస్తుంది. ప్రాణాధారమైన డీఎన్ఏను తెంపి, కొస జారిపోకుండా పట్టుకోవడం ఎంత సాహసం! కాంప్టోథెసిన్ అనే రసాయనం సరిగ్గా ఆ క్షణాన్నే దెబ్బతీస్తుంది, అతుకు పడనివ్వదు. కేన్సర్ మందులు ఇరినోటెకాన్, టోపోటెకాన్ దాని సంతతే.

అలాగని పురంతా విప్పేస్తే లాభం లేదు. పాలిమరేజ్ వెనక మిగిలే వదులే, జన్యువు మొదట్లో పోగులు విడిపోవడానికి సాయపడుతుంది. అందుకే ఎక్కడ విప్పాలి, ఎక్కడ ఉంచాలి అన్నది కణానికి ముఖ్యం. పరుగందుకునే పాలిమరేజే టోపో-1ను పనికి పురమాయిస్తుందని 2016లో డేవిడ్ లెవెన్స్ బృందం చూపింది.

అంతకు ముందు, 2013లో, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు టోపో-1ను అడ్డుకునే ఆ టోపోటెకాన్‌ను నాడీకణాలకు ఇచ్చి చూశారు. చదవడం బాగా కుంటుపడినవి పొడవాటి జన్యువులు, అంటే ఎక్కువ చుట్ల భారం ఉన్నవి. వాటిలో ఆటిజంతో ముడిపడినవి చాలానే ఉన్నాయి.