ఊరుభంగమున దుర్జయఘట్టము : ప్రయోగవిచారము

భాసకృతములని గణపతిశాస్త్రిగారు 1912వ సంవత్సరమునఁ దిరువనంతపురమునఁ బ్రకటించిన రూపకములలో నూరుభంగ మొకటి. కర్తృత్వవివాద మిచ్చట నప్రస్తుతము. సంస్కృతమున విషాదాంతరూపకము మిగుల నరుదు. ఇందు నాయకుఁడు రంగమందే ప్రాణములు విడుచును. అంకమున మరణమును బ్రత్యక్షముగాఁ జూపరాదని భరతుఁడును, అధికారివధ మెచ్చటను దగదని ధనంజయుఁడును విధించియుండుటచేఁ బ్రయోక్తలదృష్టి తుదిఘట్టముపై నిలుచుట సహజము. కాని యీ రూపకమునకుఁ బ్రాణభూతము మరణము గాదు. దుర్జయుఁడు తండ్రిని జేరు ఘట్టము.

ఘట్టక్రమము పరిశీలనీయము. తొడలు విఱిగి నేలఁబడియున్న దుర్యోధనుఁడు తండ్రి పిలుపు విని నమస్కరింప లేవఁబోయి కూలును. భీముఁడు తొడలతోఁబాటు గురుపాదాభివందనమునుగూడ హరించెనని వగచుచు, దానిని రెండవదెబ్బగా నెన్నును. అంతట ధృతరాష్ట్రుఁడు, అలసితినన్న మనుమనిఁ దండ్రియొడిలో విశ్రమింపుమని పంపును. బాలుఁడు వచ్చి యొడి నెక్కఁబోఁగా, పరిచితమైన యా యాసనము నేఁటినుండి నీది గాదని తండ్రి వారించును. కవి పేర్కొనకున్నను మూఁడవదెబ్బ యిదియే. మొదటిది దేహమునకు, రెండవది పుత్రధర్మమునకు, మూఁడవది పితృవాత్సల్యమునకుఁ దగిలినవి. సభలో ద్రౌపదికిఁ జూపిన తొడయే యిప్పుడు కన్నకొడుకునకుఁ జోటీయఁజాలకున్నదని భారతమెఱిఁగిన సామాజికునకుఁ జెప్పకయే స్ఫురించును.

ప్రయోగమున నీ ఘట్టమును జెఱుపఁగల దోషములు మూఁడు. రక్తవర్ణలేపనము, ఆర్తనాదము మొదటిది. అందుచేఁ గరుణము బీభత్సమున మునుఁగును. తొడలు వస్త్రముచేఁ గప్పఁబడవలయును. వారణము చేతి కదలికచేతనే తెలియవలయును. బాలుని నేడ్పించుట రెండవది. దుర్జయున కేమియుఁ దెలియదు; రాలేననిన తండ్రిని దానే కొనిపోయెదననును. ఆ యెఱుఁగమియే కరుణమును బోషించును. బాలుఁడేడ్చినచో సామాజికుఁ డేడ్వవలసిన పని లేకపోవును. వృద్ధులను, దేవులను జుట్టును జేర్చుట మూఁడవది. వారింకను వెదకుచునే యున్నారు. అంధుఁడగు తాతయుఁ గన్నులకుఁ గట్టుకట్టుకొన్న యవ్వయు దూరమున వేఱొకదిక్కునకు మొగమై యుండఁగా, వారు చూడనిదానిని సామాజికుఁడు చూడవలయును.

దుర్యోధనుఁడు మానధనుఁడు గావున రోషముతోనే వారింపవలయునని యొకరు శంకింపవచ్చును. అది యుక్తముగాఁ దోఁపదు. పిమ్మట నాతఁడే పాండవులను దన్నువలె సేవింపుమనియు, అభిమన్యుజననిని, ద్రౌపదిని దల్లివలెఁ జూడుమనియుఁ గుమారునకు బోధించును. వారణమున రోషమే పైకొన్నచో నీ బోధ యెవరో చెప్పించినట్లుండును. కొడుకును దొడపై నుంచుకొనఁజాలని క్షణముననే వానికి వేఱొకరక్ష వెదకవలసివచ్చెనని నటుఁడు గ్రహించినయెడల బోధ స్వయముగాఁ బుట్టును. వారించినచేయియే వెంటనే వాని శిరస్సుపై నిలుచుట తగును.

అంకశబ్దమునకు రూపకభాగమనియు నొడియనియు నర్థములు గలవు. ఈ యేకాంకరూపకమున నంకము బాలునకు దక్కకపోవుటయే విషాదము. ఇది సామాజికుని హృదయమున నాఁటినచోఁ దుదిమరణమునకు నటుఁడధికముగా శ్రమపడ నక్కఱలేదు. శాస్త్రనిషేధముయొక్క యుద్దేశమును జెడదు.