ఆ ముఖం ఎవరిది?

క్రీటు ద్వీపానికి వెళ్ళే స్త్రీవాదులం చాలామందిమి హెరాక్లియన్ పురావస్తు మ్యూజియంలో ముందుగా వెతుక్కునేది ఒకే బొమ్మని. ఎత్తిన రెండు చేతుల్లో పాములు, ఆచ్ఛాదన లేని వక్షం, తల మీద పిల్లి. ఎన్ని పుస్తకాల అట్టల మీద చూశామో ఈ పాముల దేవతని! తీరా చూస్తే మూరెడైనా లేదు. అయినా ఆ కళ్ళ ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

చిక్కంతా ఆ కళ్ళతోనే. ఆర్థర్ ఈవాన్స్ 1903లో క్నోసోస్ ప్రాసాదంలో, నేల కింది రాతి గుంటల్లోంచి ఈ బొమ్మని తీసినప్పుడు దానికి తల లేదు. ఎడమచేతిలో కొంత భాగమూ లేదు. ఇవాళ మనల్ని తీక్షణంగా చూస్తున్న ముఖం ఈవాన్స్ కొలువులోని చిత్రకారుడు చేసిపెట్టింది. పిల్లి విడిగా దొరికితే దాన్ని తెచ్చి నెత్తిన కూర్చోబెట్టారు. పై అంతస్తులోని 'నీలి దుస్తుల స్త్రీలు' కుడ్యచిత్రానిదీ ఇదే కథ. ఆ వయ్యారపు ముఖాలు కంచుయుగానివి కావు, ఇరవయ్యో శతాబ్దపు యూరప్‌వి. కుడ్యచిత్రాల్లో అసలు ముక్కలు కాస్త పరీక్షగా చూస్తే వేరుగా కనబడతాయి. బొమ్మలో అతుకు అంత సులువుగా పట్టుబడదు.

ఈవాన్స్ తనకు దొరికిన ముక్కల మీద ఒక మహామాతని నిలబెట్టాడు. 1970ల తర్వాత మరియా గింబుటాస్‌ని చదివిన స్త్రీవాదులు ఆ మాత చుట్టూ మాతృస్వామ్య స్వర్ణయుగాన్నే అల్లుకున్నారు. ఆ ఆకలి నాకు అర్థమవుతుంది, నాకూ ఉండేది. కానీ దేవతని పూజించే సమాజం స్త్రీని గౌరవిస్తుందన్న వాదాన్ని వీధివీధికీ అమ్మవారి గుడి ఉన్న చోట పెరిగిన మనం కూడా నమ్మితే ఎలా?

(ఊళ్ళోని చారిత్రక మ్యూజియంలో ఎల్ గ్రెకో చిత్రాలు రెండున్నాయి. ఆయన పుట్టిన దీవి కదా అని చూసి వచ్చాను, అంతే.)

ఈ మ్యూజియంలో నన్ను నిలబెట్టేసినవి మట్టి పలకలు. లీనియర్ బి లిపిలో ప్రాసాదపు గుమస్తాలు రాసుకున్న లెక్కలవి. నిప్పంటుకుని ప్రాసాదం కాలినప్పుడు కాలి గట్టిపడి మిగిలాయి. వాటిల్లో దేవతలకిచ్చిన తేనె లెక్క ఉంది, సుమారు లక్ష గొర్రెల లెక్క ఉంది, ఆ ఉన్నితో బట్టలు తయారుచేసే స్త్రీల లెక్క ఉంది. ఇంతమంది ఆడవాళ్ళు, ఇంతమంది పెద్దపిల్లలు, ఇంతమంది చిన్నపిల్లలు. చాలా పలకల్లో వాళ్ళకి పేర్లు లేవు, ఊరి పేరో పని పేరో ఉంటుంది. ఈ ముఖాలని అతికించడానికి ఏ చిత్రకారుడూ రాలేదు.

ఈ పలకలు మనకి చదవరావడం వెనక కూడా ఒక స్త్రీ ఉంది. బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఆలిస్ కోబర్, యుద్ధకాలంలో కాగితం దొరక్క పాత గ్రీటింగ్ కార్డులు కూడా కత్తిరించి, వేలకొద్దీ చీటీలు రాసి సిగరెట్ పెట్టెల్లో దాచుకుంది. ఆ భాషలో పదాల చివరలు విభక్తుల్లా మారతాయని నిరూపించింది. 1950లో 43 ఏళ్ళకే చనిపోయింది. రెండేళ్ళ తర్వాత మైకేల్ వెంట్రిస్ లిపిని ఛేదించాడు. కీర్తి ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు.

హారియెట్ బాయిడ్ కథ కాస్త నయం. ఏథెన్స్‌లో తవ్వకాలకి ఆడవాళ్ళని రానివ్వకపోతే ఫెలోషిప్‌లో మిగిలిన డబ్బుతో 1900లో క్రీటుకి వచ్చేసింది. మరుసటేడు గూర్నియాలో తవ్వకం మొదలుపెట్టింది. ఆమెకి అక్కడ దొరికింది ఒక చిన్న పట్టణం. ఇరుకు సందులు, ఇళ్ళు, వంటకుండలు, వడ్రంగి పనిముట్లు, మగ్గం దారాలకి కట్టే బరువులు. గూర్నియా సరుకు ఇదే మ్యూజియంలో ఉంది. నేను వెళ్ళినప్పుడు ఆ అద్దాల ముందు రద్దీ లేదు.