చెయ్యి ఊపని పీత

బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానికి పీతల శాస్త్రమెందుకమ్మా అని మా అనకాపల్లిలో నవ్వారు. కాకినాడ దగ్గర కోరంగి మడఅడవి బురదలో బొటనవేలంత మగపీతలు పట్టుకారులాంటి ఒంటి పెద్దచెయ్యి ఊపడం చూశాక, అమెరికన్ శాస్త్రవేత్త జోసెలిన్ క్రేన్ 1975లో వెలువరించిన ఫిడ్లర్ పీతల గ్రంథం పట్టుకు కూర్చున్నాను.

సీసాలో చచ్చిన పీతతో సరిపెట్టుకోక, బురదలో బతికే పీతని చూసి, చెయ్యూపే తీరునీ వర్గీకరణలోకి తెచ్చింది. అదీ ఆవిడ గొప్ప. ఆవిడ ఒకే ప్రజాతిగా ఉంచినవాటిని 2016లో 11గా విడదీసినా ఆ గొప్ప తగ్గలేదు.

నా పేచీ ఒక్కటే. రెండుచేతులూ చిన్నవైన ఆడపీత పేరు తేలాలంటే పొట్టమడత ఎత్తి భూతద్దం పెట్టాలి. లేదా పక్కనున్న మగపీతని బట్టి ఊహించాలి!

'ఫలానావారి ఆవిడ' అన్నట్టే లేదూ?