కన్నీరూ కారణమూ: ‘పలాస 1978’

మంచి సినిమా మనల్ని ఏడిపిస్తుంది. చెడ్డ సినిమా కూడా ఏడిపించగలదు. కాబట్టి కన్నీళ్ళని బట్టి సినిమాకి విలువ కట్టలేం. ఆ కన్నీళ్ళు ఎవరి కోసం వచ్చాయి, ఆ దుఃఖానికి కారణం ఏమిటో మనకి తెలిసిందా లేదా అన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న. కరుణ కుమార్ దర్శకత్వంలో 2020 మార్చి 6న విడుదలైన ‘పలాస 1978’ యీ ప్రశ్నని మళ్ళీ మన ముందుకు తెచ్చింది.

ఇది పలాసలో ఆడిపాడి బతికే దళిత కళాకారుల కుటుంబ కథ. మోహనరావు (రక్షిత్), రంగారావు (తిరువీర్) అన్నదమ్ములు. ఊరికి వాళ్ళ ఆట కావాలి, పాట కావాలి. వాళ్ళతో సమానంగా కూర్చోవడం మాత్రం అక్కర్లేదు. షావుకార్ల స్పర్ధలో వాళ్ళ కండబలం పనిముట్టవుతుంది. ఆపైన అన్నదమ్ముల మధ్యే చీలిక వస్తుంది.

చిత్రంలోని ఉద్వేగ బలమంతా మొదటి వైరుధ్యంలోనే వుంది. ఆట చూసి ముందు మనమూ ఆనందిస్తాం. ఆ వెంటనే ఆడినవాడికి జరిగే అవమానం చూస్తాం. అప్పుడు కలిగే బాధ జాలి కాదు, సిగ్గు. చప్పట్లు కొట్టిన చేతుల్లో మనవీ వున్నాయి గనక. రఘు కుంచె స్వరపరచిన ‘నక్కిలీసు గొలుసు’ పాట ఆ తర్వాత ఊరూరా మోగింది. ఆ పాట వెనకున్న బతుకుని ఎందరు తలచుకున్నారు? సినిమా చెప్పిన మాటని సినిమా బయట మనమే రుజువు చేశాం.

అయితే కథ సాగేకొద్దీ హత్య హత్యని పిలుస్తుంది. కోపం పగగా కుదించుకుపోతుంది. హింసని చూపడం తప్పుకాదు. షావుకారు బలం అతని జిత్తులమారితనంగా కనబడుతుందే గాని, ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి పోతుంది. పలాస అంటే జీడిపప్పు. పిక్క కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు జీడిరసానికి నల్లబడి, పొక్కిపోతేనే పప్పు తెల్లగా బజారుకొస్తుంది. ఆ శ్రమ కథకి కేంద్రమై వుంటే కులమూ పెట్టుబడీ ఒకే చేతిలో ఎలా కలుస్తాయో ప్రేక్షకుడు కళ్ళారా చూసేవాడు. బి. నర్సింగరావు ‘దాసి’ (1988)లో పగ తీర్చుకోవడం లేదు. గడీలో చాకిరీ వుంది. అందుకే ఆ కోపం తెరమీద ఖర్చయిపోక, మనతో ఇంటికి వస్తుంది.

ఉద్దానం ప్రేక్షకుడికి ఇంకొక జ్ఞాపకం కూడా వుంది. 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో ప్రాణం పోగొట్టుకున్న సుబ్బారావు పాణిగ్రాహి యీ నేలమీదే జముకుల కథని రైతుకూలీల మధ్యకి తీసుకుపోయాడు. ఆటపాటలు ఉన్నవాళ్ళకి వినోదం కావచ్చు, లేనివాళ్ళకి తమ బతుకు తెలియజెప్పే సాధనమూ కావచ్చు. ‘పలాస 1978’ ఆ దారిన నడవలేదు. నడిచితీరాలని శాసించడం విమర్శ పని కాదు. కాని ఆ రెండో అవకాశం తెలిసిన ప్రేక్షకుడికి లోటు కనబడుతుంది.

రచయితలు దీన్నుంచి నేర్చుకోవలసింది వుంది. పాత్ర చేత కన్నీళ్ళు పెట్టించడం తేలిక. పాత్ర చేసే పనిని, ఆ పని ఫలితం ఎవరికి చేరుతుందో చూపించడం కష్టం. లోపాలున్నా, దళిత కళాకారుణ్ణి కథకి మధ్యన నిలబెట్టిన యీ చిత్రాన్ని మళ్ళీ చూడాలి. ఎక్కడ గుండె పట్టేసిందో, ఎక్కడ వదిలేసిందో గుర్తుపెట్టుకొని, ఎందుకని అడగాలి.